కంపైలర్ కాదన్న రోజు

ప్రోగ్రాము కంపైల్ అయిందంటే సగం పని అయిపోయినట్టే అని నేను చాలామంది పిల్లలకు చెప్పాను. ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లకు ధైర్యం ఇవ్వడానికి బాగా పనికొచ్చే మాట అది. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నాక ఆ మాట వెనక్కి తీసుకోవాలని ఇది రాస్తున్నాను. వెనక్కి తీసుకోవాల్సిన మాటలు ఇంకా ఉన్నాయి. అవీ చెబుతాను.

నేను భీమవరంలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పదిహేనేళ్లు పనిచేశాను. చిన్నదంటే మరీ చిన్నది. మేడ మీద రెండు గదులు, కింద రొయ్యల మేత అమ్మే దుకాణం. మెట్లెక్కి దిగేసరికి ఆ మేత వాసన చొక్కాలకు పట్టేది. "మీరు కంప్యూటర్ల దగ్గర పని చేస్తున్నారా, చెరువుల దగ్గరా?" అని మా ఆవిడ అడిగేది. రెండూ నిజమే. మేం చేసేవి చెరువులకు పనికొచ్చే ప్రోగ్రాములే. అంతకుముందు రామచంద్రపురం వైపు ఒక పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పాను కాబట్టి ఆఫీసులో అందరూ, మా యజమానితో సహా, నన్ను మాస్టారూ అనే పిలిచేవారు. ఆ పిలుపు మనిషిని కొంచెం పాడు చేస్తుంది. ఎదుటివాళ్లు చెప్పేది పూర్తిగా వినకముందే దిద్దడం అలవాటైపోతుంది.

మా ప్రోగ్రాము సంగతి క్లుప్తంగా చెబుతాను. రొయ్య నీళ్లలో కరిగిన ఆక్సిజన్ మీద బతుకుతుంది. ఎండ కాసినంతసేపూ నీళ్లలోని నాచు ఆక్సిజన్ వదులుతుంది. ఎండ లేకపోతే పడిపోతుంది. పడిపోయినప్పుడు ఏరియేటర్లు, అంటే నీళ్లను చిలికి గాలి కలిపే చక్రాలు, తిప్పాలి. మా ప్రోగ్రాము చెరువులోని సెన్సార్ల నుంచి ఆక్సిజన్ ఎంతుందో, వేడి ఎంతుందో, ఉప్పదనం ఎంతుందో చదువుకుని, ఆక్సిజన్ నాలుగుకి దిగిందంటే చక్రాలను తనే తిప్పుతుంది. షెడ్డులో ఒక స్క్రీను పెట్టి అంకెలు చూపిస్తుంది. అంతే.

దాని లోపలి పని మొదట్లో అంతా నేనే రాశాను. ఆ తర్వాత మా దగ్గర చేరిన ఒక అమ్మాయి దాన్ని చూసుకునేది. వాళ్ల నాన్నగారు లూథరన్ మిషన్ బడిలో టీచరు. ఇంజనీరింగ్ చదివి నేరుగా మా దగ్గరికే వచ్చింది. మాట మెల్లగా, పని నిదానంగా ఉండేవి. ఎవరి తప్పు కనిపెట్టినా ఆ మనిషి ఒంటరిగా ఉన్నప్పుడే వచ్చి చెప్పేది. ఆ మర్యాదను నేను భయం అనుకున్నాను.

ఒక శుక్రవారం మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మాస్టారూ, ఒకసారి చూస్తారా అండీ?"

"ఏంటమ్మా?"

"మన పాత ప్రోగ్రాములో అర్రేలున్నచోటల్లా జెనెరిక్ లిస్టులు పెట్టానండి. అంతా బాగానే ఉంది. ఈ ఒక్క లైను దగ్గర మాత్రం కంపైలర్ కాదంటోందండి."

ఈ పని తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. కంపైలర్ అంటే మనం రాసినదాన్ని నడిపే ముందే ఒకసారి చదివి, పొసగనివి ఉంటే కుదరదు పొమ్మని తిప్పి పంపేది. అర్రే అంటే ఒకే రకం వస్తువులను వరసగా గళ్లలో పెట్టే అర. జెనెరిక్ లిస్టు కూడా అలాంటి అరే, తర్వాత వచ్చిన పద్ధతి. మా ప్రోగ్రాములో 'రీడింగ్' అని ఒక తల్లి రకం ఉండేది. ఆక్సిజన్ రీడింగ్, వేడి రీడింగ్, ఉప్పదనం రీడింగ్ దాని పిల్లలు. సెన్సార్ నుంచి ఏదీ రాకపోతే ఆ గడిలో పెట్టడానికి 'ఖాళీ రీడింగ్' అని ఇంకో పిల్ల. రీడింగుల అర్రే ఏదిచ్చినా తీసుకుని, అందులో ఖాళీగా మిగిలిన గళ్లను 'ఖాళీ రీడింగ్'తో నింపే ఫంక్షన్ ఒకటి నేను రాశాను. ఆక్సిజన్ రీడింగుల అర్రేని కూడా దానికే ఇచ్చేవాళ్లం. ఆక్సిజన్ రీడింగ్ ఒక రీడింగే కాబట్టి, వాటి అర్రే కూడా రీడింగుల అర్రేయేనని మేం వాడిన భాష ఒప్పుకుంటుంది. అమ్మాయి లిస్టులుగా మార్చేసరికి అదే భాష ఒప్పుకోలేదు. లిస్టుల దగ్గర దానికి పట్టింపు ఎక్కువ.

"ఇన్నాళ్లూ అవునంది కదా?" అన్నాను.

"అందండి."

"నువ్వు మార్చాక కాదంటోంది."

"అవునండి. కానీ తప్పు నేను మార్చినందుకు రాలేదండి. ముందునుంచే ఉంది. అర్రేలో కనబడలేదు, ఇప్పుడు కనబడింది."

నేను నవ్వి, టీ తాగుదాం రమ్మన్నాను. కింద దుకాణం పక్కన టీ బడ్డీ దగ్గర ఎవరో కడిగి బోర్లించిన ప్లాస్టిక్ ట్రేలు ఉన్నాయి. టీ గ్లాసు పక్కన పెట్టి అమ్మాయి ఒక ట్రేని తిప్పింది.

"ఇది రొయ్యల ట్రే అనుకోండి మాస్టారూ. రొయ్య కూడా సరుకే కదా అని దీన్ని 'సరుకు ట్రే' అని చెప్పి ఒకాయన చేతికి ఇచ్చామండి. ఇచ్చేటప్పుడు ఎవరూ అడ్డం చెప్పరు. ఆయనేమో సరుకు ట్రేయే కదా అని పీతని తెచ్చి వేయబోతాడు. ట్రే ఒప్పుకోదండి. అది పుట్టుకతో రొయ్యల ట్రే. కానీ ఆ గొడవ పీతని వేసే క్షణంలోనే బయటపడుతుంది. అదే లిస్టయితే ట్రే చేతికిచ్చేటప్పుడే ఆపుతుందండి."

"ఆ పీత ఎప్పుడొస్తుంది?"

"ఆక్సిజన్ సెన్సార్ నుంచి ఒక్క రీడింగు రాకపోయినా వస్తుందండి. ఆ 'ఖాళీ రీడింగే' మన పీత."

"రీడింగు రాకపోతే ఏమవుతుందో పరీక్ష చేశానుగా?"

"అన్ని రకాలూ కలిసి ఉన్న అర్రేతో చేశారండి. ఆక్సిజన్‌ని విడగొట్టాక మళ్లీ చెయ్యలేదు."

నిజమే. ఆక్సిజన్‌ని విడిగా పెట్టమన్నదీ నేనే, పరీక్ష మళ్లీ చెయ్యనిదీ నేనే. నాకు అర్థం కాలేదని చెబితే అబద్ధం. సగానికి పైగా అర్థమైంది. కానీ సోమవారం కొత్త చెరువులో పరికరాలు బిగించాలి. రైతుకు మాట ఇచ్చేశాం. పైగా ఎన్నో ఏళ్లు పిల్లలకు ఇదే పాఠం బోర్డు మీద చెప్పినవాణ్ణి, టీ బడ్డీ దగ్గర ప్లాస్టిక్ ట్రేతో నాకే చెప్పించుకోవడం మింగుడుపడలేదు.

"పాతది పెట్టెయ్యమ్మా. పనిచేస్తున్నదాన్ని కెలక్కూడదు. ఈ చెరువు అయ్యాక చూద్దాం," అన్నాను.

"సరేనండి," అంది. పైకి వెళ్లి, తను మార్చినదంతా వెనక్కి మార్చింది. సాయంత్రానికి పాత ప్రోగ్రాము ఒక్క తప్పు కూడా చూపకుండా కంపైల్ అయింది.

ఆ కొత్త చెరువు ఇద్దరు అన్నదమ్ములది. సొంతం కాదు, కౌలుకు తీసుకున్నది. అన్నగారు నలభై దాటినవాడు. వరి చేసీ చేసీ విసిగి వనామీ రొయ్యల వైపు వచ్చాడు. తమ్ముడికి ముప్పై ఉంటాయేమో. పెళ్లి కాలేదు. చెరువు గట్టు మీద షెడ్డులోనే ఉండి కాపలా, మేత, చక్రాలు అన్నీ చూసుకునేవాడు. అన్న మాట్లాడుతుంటే తమ్ముడు వెనకాల నిలబడేవాడు. అన్న ఆగాక ఒక ప్రశ్న అడిగేవాడు. మేం స్క్రీను బిగించిన రోజున కూడా చివర్లో ఒకటి అడిగాడు.

"ఇది ఆగిపోతే మనకి ఎలా తెలుస్తుందండీ?"

"ఆగదు," అన్నాను.

వాళ్ల అన్నగారు నవ్వి, "వీడికన్నీ అనుమానాలేనండి. ఇంక హాయిగా పడుకోరా, మిషన్ చూసుకుంటుంది," అన్నాడు.

రెండు నెలలు మిషనే చూసుకుంది. అన్నగారు కలిసినప్పుడల్లా ఇంకో ఇద్దరు రైతులను వెంటబెట్టుకొచ్చి మాకు పరిచయం చేసేవాడు. రొయ్య బాగా పెరుగుతోందని, ఇంకో రెండు వారాల్లో పట్టుబడి పెడతామని, అంటే రొయ్య పట్టి అమ్మేస్తామని చెప్పాడు. ఆ తర్వాత వాయుగుండం పట్టింది.

మూడు రోజులు సూర్యుడి ముఖం కనబడలేదు. వాన పెద్దగా లేదు, సన్నటి తుంపర, మబ్బు. మూడోరోజు సాయంత్రం నాలుగింటికి ఆఫీసు ఫోను మోగింది. తీసింది నేను. అవతల ఆ తమ్ముడు.

"సార్ గారూ, స్క్రీను మీద ఆక్సిజన్ ఐదు పాయింటు ఒకటి చూపిస్తోందండి. పొద్దున్న పదింటికి చూసినప్పుడూ అదే ఉంది. మధ్యాహ్నం అదే. ఇప్పుడూ అదే. వేడి మారుతోంది, టైము మారుతోంది, ఇది ఒక్కటే కదలట్లేదండి."

"మబ్బు పట్టినప్పుడు నిలకడగానే ఉంటుందయ్యా."

"మబ్బు పడితే తగ్గాలి కదండీ? చక్రాలు నేనే చేత్తో వేసెయ్యనా?"

నా ఎదురుగా అప్పుడు వేరే పని ఉంది. ఏ పనో ఇప్పుడు గుర్తు లేదు. అది గుర్తు లేకపోవడమే నన్ను ఎక్కువ బాధిస్తుంది.

"ఆటోలో ఉంది కదా, ముట్టుకోకు. చేత్తో వేస్తే లెక్క తప్పుతుంది. తగ్గితే అదే వేస్తుంది," అన్నాను.

"సరేనండి," అన్నాడు. ఆ అమ్మాయి అన్నట్టే.

మర్నాడు పొద్దున్న మా యజమాని మా ఇంటికే కారు తెచ్చి హారన్ కొట్టాడు. చెరువు దగ్గరికి వెళ్లేసరికి గట్టు పొడుగునా జనం. నీళ్ల అంచున తెల్లగా నురగలా ఉంది. దగ్గరికి వెళ్తే అవి రొయ్యలు. కొన్ని ఇంకా కొట్టుకుంటున్నాయి. మిగిలినవి పక్కకి ఒరిగి, మీసాలు నీళ్ల మీద తేలుతూ ఉన్నాయి. కూలివాళ్లు వలలతో తోడి గట్టు మీద పోస్తున్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. చక్రాలు అప్పుడు తిరుగుతున్నాయి, చేత్తో వేసినవి. వాటి చప్పుడొక్కటే వినిపిస్తోంది.

షెడ్డులో స్క్రీను మీద ఆక్సిజన్ ఐదు పాయింటు ఒకటి.

అన్నగారు లుంగీ మోకాళ్లపైకి కట్టుకుని బురదలో నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి గట్టెక్కాడు. తమ్ముడు రెండు బారల దూరంలో ఉన్నాడు.

"మాస్టారు గారూ, ఒక్క మాట చెప్పండి. వీడు నిన్న మీకు ఫోన్ చేశానంటున్నాడు. చక్రాలు వేస్తానంటే మీరే వద్దన్నారంట. నిజమేనాండీ?"

అందరూ నా వైపు చూశారు. మా యజమాని కూడా. ఫోను సంగతి ఆయనకి అప్పటిదాకా తెలియదు. తమ్ముడు మాత్రం నా వైపు నిశ్చింతగా చూస్తున్నాడు. చదువుకున్నవాడు, పెద్దవాడు, ఉన్నది ఉన్నట్టు చెబుతాడని ఆ చూపు.

"ఫోన్ చేశాడండి," అన్నాను. "ఏదో మామూలుగా అడిగాడు."

"మామూలుగానా?"

"అంకెలు ఎలా చూడాలని. అంతే."

తమ్ముడు నోరు తెరిచాడు. "సార్ గారూ..." అని ఆగిపోయాడు. నేను స్క్రీను వైపు తిరిగి తీగలు పరిశీలిస్తున్నట్టు వంగాను.

అన్నగారు తమ్ముణ్ణి కొట్టలేదు. కొడితే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. కొట్టుకున్న అన్నదమ్ములు సాయంత్రానికి కలుస్తారు. ఆయన మాత్రం భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకుని, తమ్ముడి వైపు చూడకుండా, "పడుకున్నానని చెప్పు, క్షమిస్తాను. అబద్ధం మాత్రం చెప్పకు. ఇంక నువ్వు ఈ గట్టు ఎక్కొద్దు," అన్నాడు.

మేం కంప్యూటరు పెట్టె ఊడదీసి ఆఫీసుకి తెచ్చాం. ఆ అమ్మాయి దాన్ని విప్పి, ప్రోగ్రాము తన పనిని రాసుకునే ఫైలు తెరిచింది. అరగంట కూడా పట్టలేదు. వచ్చి నా పక్కన నిలబడింది.

"మాస్టారూ, నిన్న పొద్దున్న తొమ్మిదిన్నర దాటాక ఒక్క రీడింగు రాలేదండి. తీగ తడిసిందో, కరెంటు ఊగిందో. ఒక్కటేనండి. తర్వాత సెన్సార్ మళ్లీ బాగానే పంపుతోంది."

"మరి?"

ఆమె స్క్రీను వైపు వేలు చూపించింది. ఆక్సిజన్ రీడింగుల అర్రేలో 'ఖాళీ రీడింగ్' పెట్టబోతే కుదరలేదని, 'అర్రే స్టోర్ ఎక్సెప్షన్' అని ఒకే ఒక్క లైను. దానితో ఆక్సిజన్ చూసే భాగం ఆగిపోయింది. మిగతా భాగాలు నడుస్తూనే ఉన్నాయి. అందుకే టైము మారింది, వేడి మారింది. స్క్రీను తనకు తెలిసిన చివరి అంకెను మర్యాదగా చూపిస్తూ ఉండిపోయింది.

ఆ అమ్మాయి "నేను చెప్పాను కదండీ" అనలేదు. అని ఉంటే నాకు కోపం తెచ్చుకునే అవకాశమైనా దొరికేది.

మా యజమాని చెడ్డవాడు కాడు. ఆ రోజు తలుపు వేసి నన్ను కూర్చోబెట్టి మాట్లాడాడు.

"మాస్టారూ, ఈ సంగతి బయటికి వెళ్తే రేపటినుంచి ఏ రైతూ మన మెట్లెక్కడు. మనం పదకొండుమందిమి. ఒక రిపోర్టు రాసివ్వండి. సెన్సార్ తీగ సరిగా బిగించలేదు, తడి దిగింది అని. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు కదండీ?"

కాదు. అక్కడే ఉంది దాని బలం. రీడింగు ఒకటి రాకపోవడానికి తీగ కారణం కావచ్చు. కానీ రీడింగు రానప్పుడు తట్టుకోవడానికే కదా నేను ఆ ఫంక్షన్ రాసింది? వానలో గొడుగు తిరగబడితే తప్పు వానది అన్నట్టుంటుంది. ఆ రిపోర్టు ఒక్క పేజీ. మంచి తెలుగులో, రైతుకు అర్థమయ్యేలా రాశాను. వారానికోసారి తీగలు బిగించి తుడవాల్సిన బాధ్యత చెరువు దగ్గర ఉండే మనిషిదని మా ఒప్పందంలోనే ఉంది. ఆ మనిషి ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. సంతకం పెట్టాను.

సాయంత్రం ఆ అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చింది. గదిలో ఇంకెవరూ లేరు. తప్పు చెప్పాలంటే ఆమె ఎంచుకునే సమయం అదే.

"రిపోర్టులో తీగ అని రాశారంటండి."

"అవునమ్మా."

"తీగలు చూసేది ఆ తమ్ముడుగారు కదండీ."

నేను బల్ల మీది కాగితాలు సర్దాను.

"ఆయన ఫోన్ చేసినప్పుడు నేను ఈ గదిలోనే ఉన్నానండి. మీరు అన్నది విన్నాను. నిలకడగానే ఉంటుందని మీరన్నప్పుడే నాకు అనుమానం రావాలి. నేనూ లేచి అడగలేదు. మీరు ఆ రిపోర్టు వెనక్కి తీసుకుంటే నేను కూడా మీతో వస్తానండి. ఇద్దరం వెళ్లి చెబుదాం," అంది.

"చూద్దాం," అన్నాను. చూద్దాం అన్నానంటే చెయ్యనని ఆమెకి అప్పటికి తెలిసే ఉంటుంది.

ఆ వారంలో ఆమె తన పాత మార్పులన్నీ మళ్లీ చేసింది. కంపైలర్ మళ్లీ అదే లైను దగ్గర కాదంది. ఈసారి నేనే పక్కన కూర్చుని ఆ ఫంక్షన్ సరిచేశాను. పదిహేను నిమిషాల పని. మిగతా చెరువులన్నిటిలో కొత్త ప్రోగ్రాము పెట్టించాం. ఆ తర్వాత ఎక్కడా అలాంటిది జరగలేదు. దాన్ని చాలాకాలం నాకు నేను మందులా తాగాను: ఒక చెరువు పోయింది గానీ మిగిలినవి బతికాయి కదా అని. పనైన మర్నాడు ఆమె రాజీనామా ఇచ్చింది. కారణం రాయాల్సినచోట 'సొంత పనులు' అని రాసింది.

అన్నదమ్ములు ఆ చెరువు వదిలేశారని విన్నాను. ఆ పైన వినడానికి నేను ప్రయత్నించలేదు. ఆ ఊరి మీదుగా వెళ్లాల్సి వస్తే వేరే రోడ్డు పట్టేవాణ్ణి. ఇలా ఎనిమిదేళ్లు గడిచాయి. రిటైరయ్యాను. శాలువా కప్పారు. మాస్టారి చేతిలో తప్పు జరగదని మా యజమాని నా గురించి ప్రసంగంలో చెప్పాడు. ఆయన అది నమ్మి అన్నాడో, నన్ను కాపాడుతున్నాననుకుని అన్నాడో తెలియదు.

మొన్నామధ్య రాజమండ్రిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు పిల్లలతో మాట్లాడమని పిలిచారు. 'ఉద్యోగంలో విజయం' అన్నది అంశం. నలభై నిమిషాలు మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. కిందికి దిగి చూస్తే అధ్యాపకుల వరసలో ఆ అమ్మాయి ఉంది. ఇప్పుడు అక్కడ పాఠాలు చెబుతోంది. కళ్లజోడు వచ్చింది. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టింది.

"బాగున్నారా మాస్టారూ?"

"బాగున్నానమ్మా. నాన్నగారు ఎలా ఉన్నారు?"

"బాగానే ఉన్నారండి. రిటైరయ్యారు. ఆదివారాలు చర్చిలో పిల్లలకి లెక్కలు చెబుతున్నారు."

భోజనాలకి పిలిచారు. అందరూ ముందు నడిచారు. ఆమె ఆగింది.

"ఆ రైతుగారికి చెప్పారాండీ?"

ఇన్నేళ్ల తర్వాత ఏ రైతు అని అడగడానికి నాకు నోరు రాలేదు. తల అడ్డంగా ఊపాను.

"నేను ఒకసారి వెళ్లానండి ఆ ఊరు," అంది. "ఇంటికి తాళం వేసి ఉంది. ఎవరినైనా అడిగితే తెలిసేది. అడక్కుండా వచ్చేశాను. ఇప్పుడాయన భీమవరంలోనే ఐసు ఫ్యాక్టరీలో చేస్తున్నారంట. మా స్టూడెంట్ ఒకడిది ఆ ఊరే, వాడు చెప్పాడు."

నేను భోజనం చెయ్యకుండానే బస్సెక్కాను.

వెళ్లడానికి ఇంకో పదిరోజులు పట్టింది. ధైర్యం వచ్చి వెళ్లలేదు. ఇంట్లో కూర్చోలేక వెళ్లాను. పట్టపగలు పన్నెండింటికి ఐసు ఫ్యాక్టరీ ముందు వ్యాన్లు నిలబడి ఉన్నాయి. లోపల నేలంతా తడి. అన్నగారు ఒక ఐసు దిమ్మని కొక్కెంతో లాగుతున్నాడు. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి కొక్కెం పక్కన పెట్టాడు.

"మాస్టారు గారా! ఇలా వచ్చారేంటండీ? కూర్చోండి." పొట్టు బస్తా ఒకటి దులిపి వేశాడు.

కూర్చోకుండానే చెప్పాను. తప్పు తీగది కాదని, నా ప్రోగ్రాముదని, ముందే ఒకమ్మాయి చెప్పినా వినలేదని. ఆయన తమ్ముడు ఫోన్ చేసింది నిజమని. చక్రాలు వేస్తానన్నాడని. వద్దన్నది నేనని. గట్టు మీద అందరి ముందూ ఆ మాట దాచానని.

ఆయన అడ్డు రాకుండా విన్నాడు. తిడతాడని ఎదురుచూశాను. తిట్టలేదు. నెమ్మదిగా అన్నాడు:

"మా అమ్మ పోయినప్పుడు వాడొచ్చాడండి. వీధిలోనే నిలబడ్డాడు. లోపలికి రమ్మని నేను పిలవలేదు. అక్కణ్ణుంచే దణ్ణం పెట్టుకుని వెళ్లిపోయాడు."

నేను క్షమించమని అడిగాను. ఆ మాట ఆయన విన్నట్టు లేదు.

"ఇప్పుడెక్కడున్నాడు?" అన్నాను.

"కడియంలోనంటండి. నర్సరీల్లో మొక్కలు లారీలకెక్కిస్తాడు. నా దగ్గర నంబరు లేదు. మా ఆవిడ దగ్గరుంది. నాకు తెలీదనుకుంటుంది."

నా ఫోను అడిగి తీసుకుని భార్యకు చేశాడు. "తమ్ముడి నంబరు చెప్పు," అన్నాడు. అవతల ఆమె అంకెలు చెప్పింది. ఆయన ఒక్కొక్కటే పైకి పలికితే నేను జేబులోని కాగితం మీద రాశాను. ఆ నంబరు నొక్కి ఫోను నా చేతిలో పెట్టాడు.

"మీరే చెప్పండి. నాకు నోరు రాదు."

మూడు రింగులకు ఎత్తాడు. వెనకాల లారీ ఇంజను చప్పుడు, ఎవరో "జాగ్రత్తరా, కొమ్మ విరుగుతుంది" అంటున్న కేక. నేనెవరో చెప్పాను. అన్నతో చెప్పినదంతా, ఏదీ తగ్గించకుండా మళ్లీ చెప్పాను. మధ్యలో ఒకసారి లైను తెగిందేమో అనుకుని ఆగాను. ఊపిరి వినిపించింది. కొనసాగించాను.

చెప్పడం అయ్యాక అతను అన్నాడు:

"నేను అప్పుడే చెప్పాను కదండీ."

కోపం లేదు. అలిసిపోయినవాడి గొంతు.

"అవునయ్యా. చెప్పావు."

"అన్నయ్య మీ పక్కనే ఉన్నాడాండీ?"

"ఉన్నాడు. ఫోన్ ఇస్తాను."

"వద్దండి. ఇవ్వొద్దు. లోడు బయల్దేరుతోంది."

లైను కట్టయింది.

అన్నగారు అప్పటికే చెయ్యి చాపి ఉన్నాడు. ఐసు నీళ్లు ఆ వేళ్ల చివర్లనుంచి కారుతున్నాయి. "ఏమన్నాడండీ?" అన్నాడు.

సర్దిచెప్పడానికి నా దగ్గర మాటలున్నాయి. పనిలో ఉన్నాడనీ, తర్వాత చేస్తానన్నాడనీ అనొచ్చు. అది కూడా పూర్తిగా అబద్ధం కాదు. అతను అన్నది అన్నట్టుగా, ఒక్క మాట మార్చకుండా ఆయనకు చెప్పాను.

ఆయన తలూపాడు. చాపిన చేతిని లుంగీకి తుడుచుకున్నాడు. నా చేతిలోని కాగితం అడిగి తీసుకుని, తడవకుండా చొక్కా పై జేబులో పెట్టుకుని, కొక్కెం అందుకున్నాడు.